గమకం తెలిసిన యంత్రభాష

కోల్‌కతా నగరంలో, కిదిర్‌పూర్ రేవులను ఆనుకొని వాట్‌గంజ్ అనే పేట ఉన్నది. పద్ధెనిమిదో శతాబ్దం చివర ఇక్కడ ఓడల నిర్మాణానికి రేవు తవ్వించబూనిన కర్నల్ హెన్రీ వాట్సన్ పేరే నలిగి నలిగి ‘వాట్‌గంజ్’గా మిగిలింది. రేవు కూలీలు, సరకుల గోదాములు, ఓడల కూతలు తప్ప ఈ పేటకు సంగీతంతో సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. ఇక్కడినుంచి పడమటి దారి పట్టితే మటియాబుర్జ్ వస్తుంది. 1856లో రాజ్యం కోల్పోయి కలకత్తా చేరిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా, 1887లో కన్నుమూసే వరకు అక్కడే తన గాయకులనూ వాద్యకారులనూ పోషించాడు. ఆ దారిలోనే గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్నది. 2003 వరకు వాల్తేరు డివిజన్ ఈ రైల్వే కిందే ఉండేది గనుక, ఈ ప్రాంతానికి తెలుగు మాట కొత్త కాదు. ఇక తూర్పున హుగ్లీ నుంచి చీలిన టాలీ కాలువ వెంబడే పోతే కాళీఘాట్ దాటి టాలీగంజ్ చేరుతాము. ఐ.టి.సి. సంగీత పరిశోధనాలయం వెలసినది అక్కడనే. గురుకుల పద్ధతిలో హిందుస్తానీ గానం నేర్పుతూనే, ఒక ప్రక్క తంబుర నాదాన్నీ శ్రుతుల అంతరాలనూ యంత్రాలతో కొలిపించిన సంస్థ అది.

ఈ మాసం మన ప్రస్తావన కంప్యూటరుచేత నాదం పలికించే భాషలను గూర్చి. తమిళం, తెలుగు, వంగం వంటి భాషలు కావు. మనిషి తన సంకల్పాన్ని యంత్రానికి తెలియజేసే ప్రోగ్రాము భాషలు. వాటిలో సంగీతం కోసమే పుట్టినవి కొన్ని ఉన్నవి. వాటి కథ అమెరికాలో మొదలైనా, వాటికి ఎదురైన గట్టి ప్రశ్నలు మాత్రం ఈ కలకత్తా వీధులలో అంతకుముందే వినబడినవి.

మొదటి ప్రశ్న హార్మోనియానిది. ఐరోపానుంచి వచ్చిన కాలి హార్మోనియాన్ని నేలపై కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊది మరొక చేత్తో వాయించుకొనే పెట్టెగా మార్చిన ఘనత కలకత్తాకు చెందిన ద్వారకానాథ్ ఘోష్‌కు దక్కింది. పెట్టె చౌక, శ్రుతి చేసుకొనే బాధ లేదు, నెలలో చేయి తిరుగుతుంది. దేశమంతటా పాకింది. కాని రెండు మెట్ల నడుమ దానికి నోరు లేదు. రిషభం నుంచి గాంధారానికి జారవలసిన చోట అది దూకుతుంది. ఈ కారణం చూపియే ఆకాశవాణి 1940 నుంచి 1971 వరకు హార్మోనియాన్ని తన స్టూడియోలలో నిషేధించింది. నిషేధం అతిగా తోచినా, అందులోని అభియోగం నిజమే. ఏ సాధనమైనా తాను పలుకగలిగినదే సంగీతమని నమ్మించగలదు. ప్రోగ్రాము భాషలకు ఈ మాట మరింత వర్తిస్తుంది.

కంప్యూటరు నాదాన్ని ఎట్లా పుట్టిస్తుంది? గాలి ఒత్తిడిలో కలిగే హెచ్చుతగ్గులను అంకెల వరుసగా వ్రాసి, ఆ అంకెలను విద్యుత్తుగా మార్చి స్పీకరుకు పంపుతుంది. కాంపాక్ట్ డిస్కులో ఒక సెకను నాదానికి 44,100 అంకెలు. అంటే ఒక్కొక్క అంకెను తయారుచేయడానికి యంత్రానికి దొరికే వ్యవధి సుమారు 22.7 మైక్రోసెకన్లు. ఒక స్వరమైనా, వంద స్వరాలైనా గడువు అదే. ఒక్కసారి గడువు తప్పితే చెవికి ‘టక్’మని వినబడుతుంది. జమాఖర్చుల లెక్కలు రెండు నిమిషాలు ఆలస్యమైతే గుమాస్తా విసుక్కుంటాడు, అంతే. కచేరీలో రెండు మిల్లీసెకన్ల ఆలస్యానికి కూడ క్షమాపణ లేదు. సంగీత భాషల విషయంలో వేగం అలంకారం కాకపోవడానికి హేతువిదే.

1957లో బెల్ ప్రయోగశాలలో మాక్స్ మాథ్యూస్ తన మొదటి ‘మ్యూజిక్’ ప్రోగ్రామును ఐ.బి.ఎం. 704 యంత్రంపై నడిపాడు. న్యూమన్ గట్‌మన్ కూర్చిన పదిహేడు సెకన్ల చిన్న రచన దాని తొలి పలుకు. ఆ యంత్రం సెకనుకు సుమారు 40,000 ఆజ్ఞలు నెరవేర్చేది. నాదానికి సెకనుకు పదివేల అంకెలు చాలుననుకున్నా, ఒక్కొక్క అంకెకు నాలుగు ఆజ్ఞల కంటె ఎక్కువ వీలుకాదు. నాలుగు ఆజ్ఞలతో సైన్ విలువ కట్టడమే అసాధ్యం, సంగీతం మాట అటుంచి! కావున యంత్రం ముందు తీరికగా లెక్కలన్నీ కట్టి అయస్కాంత టేపు మీద పెట్టేది. తరువాత ఆ టేపును వినేవారు.

ఇక్కడ మాథ్యూస్ రెండు ఉపాయాలు పన్నాడు. ఆ రెండూ నేటికీ చెల్లుబాటులో ఉన్నవి. మొదటిది పట్టిక. మన ఇళ్ళలో ముహూర్తం పెట్టే సిద్ధాంతిగారు ప్రతిసారీ గ్రహగతులు గుణించరు. పంచాంగం తెరచి చూస్తారు. అట్లే ఒక తరంగపు ఆకారాన్ని ఐదువందల చిల్లర గడుల పట్టికగా ఒకసారి గుణించి ఉంచుకుంటే, ఆ తరువాత ప్రతి అంకెకూ యంత్రం చేయవలసిన పని ఆ పట్టికలో సరియైన గడిని చూడడమే. గడి గడికీ నడిస్తే మంద్రం, గడులు దాటుతూ పోతే తారం. రెండవ ఉపాయం 1960లో మూడవ ‘మ్యూజిక్’తో వచ్చింది. స్వరాన్ని పుట్టించే పనిని చిన్న చిన్న పరికరాలుగా విడగొట్టి, వాటిని తీగలతో కలిపినట్లు కలుపుకొనే స్వేచ్ఛ సంగీతజ్ఞునికే ఇచ్చాడు. వీటిని ‘యూనిట్ జనరేటర్లు’ అంటారు. పరికరం లోపలి పని యంత్రభాషలో అతివేగంగా సాగుతుంది. పరికరాల కూర్పు మాత్రం మనిషికి అర్థమయ్యే భాషలో ఉంటుంది. శిల్పి ఎవరో, ఉలి చేసిన కమ్మరి ఎవరో వేరుపడినట్లు. 1968 నాటి ఐదవ ‘మ్యూజిక్’ను ఫోర్‌ట్రాన్‌లో వ్రాయడంతో అది ఒక కంపెనీ గోడలు దాటి ఇతర విశ్వవిద్యాలయాలకు చేరింది.

తరువాతి పెద్ద పొదుపు బారీ వెర్కోది. 1973లో పి.డి.పి.–11 అనే చిన్న యంత్రం కోసం ‘మ్యూజిక్ 11’ రచిస్తూ ఆయన ఒక సంగతి గమనించాడు. నాదం సెకనుకు వేలసార్లు మారుతుంది. కాని దాని బిగ్గరతనం, స్థాయి వంటి గుణాలు అంత త్వరగా మారవు. కాబట్టి నాదాన్ని ఒక వేగంతోనూ, దాన్ని నడిపే గుణాలను అంతకంటె ఎంతో మెల్లని వేగంతోనూ లెక్కిస్తే చాలును. ఇదే పద్ధతి 1986లో ఆయన తెచ్చిన ‘సీసౌండ్’ భాషకు వెన్నెముక అయింది. ఆ భాష నేటికీ వాడుకలో ఉన్నది.

ఈ పొదుపు పియానోకు సంపూర్ణంగా సరిపోతుంది. మన సంగీతానికి? ఒక లెక్క వేసి చూద్దాం. ఒక కంపితం సెకనుకు ఐదుసార్లు ఊగుతున్నదనుకోండి. అడుగునుంచి పై వరకు దాని ఊపు మూడు అర్ధస్వరాలు, అంటే 300 సెంట్లు. (సెంటు అంటే అర్ధస్వరంలో నూరవ పాలు.) ఊపు మధ్యలో, వేగం పరాకాష్ఠలో ఉన్నప్పుడు, స్థాయి సెకనుకు సుమారు 4,700 సెంట్ల చొప్పున పరుగెడుతుంది. గుణాలను సెకనుకు 689సార్లు లెక్కించే భాషలో ఒక్కొక్క మెట్టు ఏడు సెంట్ల లోపు. చెవికి అది జారుడుగానే తోస్తుంది. పొదుపు మరీ ఎక్కువై సెకనుకు యాభైసార్లే లెక్కిస్తే ఒక్కొక్క మెట్టు 94 సెంట్లు, దాదాపు ఒక అర్ధస్వరం! వీణ వాయిస్తున్నామని అనుకుంటూ హార్మోనియం వాయించినట్లే. యంత్రం నేరమేమీ లేదు. ఏది మెల్లగా మారుతుందో ముందే తీర్మానించుకున్న భాషాకర్త చెవి ఏ సంగీతంలో పెరిగిందో, అదే ఆ అంకెలో ఉన్నది.

తీగవాద్యాల విషయంలో మరొక ముడి ఉన్నది. 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ అనే ఇద్దరు ఆశ్చర్యం కలిగించేంత సులువైన పద్ధతి ప్రకటించారు. కొన్ని వందల గడుల వరుసను ఇష్టం వచ్చిన అంకెలతో నింపి, ఆ వరుసను చక్రంలా తిప్పుతూ, ప్రతిసారీ పక్కపక్క గడులు రెండింటి సగటు తీసి తిరిగి వ్రాయడమే. అంతే, మీటిన తీగ పలుకుతుంది! మొదట కరకుగా మొదలై, క్రమంగా మెత్తబడి, అణగిపోతుంది. గుణకారం కూడ అక్కరలేదు. ఇంత చౌకగా ఇంత సహజమైన నాదం ఇచ్చిన ఉపాయం ఈ శాస్త్రంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

అయితే గడుల సంఖ్య పూర్ణాంకమే కావాలి గదా! మంద్రంలో మూడువందల గడులున్నప్పుడు ఒక గడి అటూ ఇటూ అయినా తెలియదు. పైకి పోయేకొద్దీ గడులు తగ్గుతాయి. యాభై గడుల తీగకూ యాభైయొక్క గడుల తీగకూ మధ్య అంతరం 34 సెంట్లు. మన శాస్త్రకారులు ప్రమాణ శ్రుతిగా ఎంచిన అంతరం 22 సెంట్లే. అనగా యంత్రం ఒక శ్రుతికంటె ఎక్కువ తప్పిపోతుంది, దిద్దుకొనే దారీ దానికి తెలియదు. అదే సంవత్సరం డేవిడ్ జాఫ్, జూలియస్ స్మిత్ చక్రంలో ఒక చిన్న వడపోతను చేర్చి, గడిలో పాలును కూడ కొలవగలిగే మార్గం చూపి ఈ లోపాన్ని సవరించారు.

ఇంకొక చిక్కు భాష నిర్మాణంలోనే ఉన్నది. వేగం కోసం పెక్కు భాషలు అంకెలను ఒక్కొక్కటిగా గాక, అరవైనాలుగేసి చొప్పున కట్టలు కట్టి లెక్కిస్తాయి. కూలీ బస్తాలను ఒక్కొక్కటిగా మోసేకంటె బండికెత్తడం నయమైనట్లు. కాని కార్‌ప్లస్ పద్ధతిలో నాదం తన తోకను తానే పట్టుకొని తిరగాలి. కట్ట పూర్తి అయితేగాని తిరుగు దారి తెరవదు. కావున వాడుకరి విడివిడి పరికరాలతో తీగను కూర్చుకుంటే, ఆ తీగ సెకనుకు 689 కంపనాలకు మించి పలకజాలదు. ఒకటవ శ్రుతిలో పాడేవారికి ఇది తారస్థాయి గాంధారం దాటగానే, మధ్యమానికి ముందే వచ్చే గోడ. అరవైనాలుగు అనే సంఖ్యను ఎంచుకొన్న ఇంజనీరుకు త్యాగరాజు ఎవరో తెలిసి ఉండనక్కరలేదు. ఆ గోడ మాత్రం మన పల్లవి మధ్యలో వచ్చి నిలబడుతుంది.

ఇక తంబుర. ఈ విషయంలో కలకత్తాకు ప్రపంచమే ఋణపడి ఉన్నది. బాల్యంలో విశాఖపట్టణంలో చదువుకొని, 1907లో ప్రభుత్వ ఆర్థిక శాఖ ఉద్యోగిగా కలకత్తా వచ్చిన సి.వి.రామన్, కచేరీ వేళలు ముగిసిన తరువాత బౌబజారు వీధిలోని విజ్ఞాన పరిషత్తులో ప్రయోగాలు చేసేవాడు. ఆయన 1921లో తంబుర, వీణల గుర్రాలను గురించి ప్రకటించిన వ్యాసం చిన్నదే గాని అందులోని విశేషం పెద్దది. తీగను ఏ బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు నిశ్చలంగా ఉండవలసిన అనుస్వరాలు వినబడకూడదని పాశ్చాత్య భౌతికశాస్త్ర నియమం. తంబురలో అవి వినబడుతున్నవి, బలంగా కూడ! వెడల్పైన, వంపు తీరిన గుర్రం మీద తీగ ఆనుతూ విడుస్తూ, జీవాళి దారం వల్ల మరింత సున్నితంగా తాకుతూ ఉండడమే కారణం. తీగ తన గుర్రంతో నిరంతరం సంభాషిస్తూ ఉంటుందన్న మాట.

ఆ సంభాషణనే యంత్రానికి నేర్పడం మహా కష్టం. సాధారణమైన తీగకు పై సగటు లెక్క చాలును. తంబుర తీగకు ప్రతి అంకె దగ్గరా తీగ గుర్రాన్ని ఎక్కడెక్కడ తాకినదో సమీకరణాలు సాధించి తేల్చుకోవాలి. 2016లో బెల్‌ఫాస్ట్ నగరంలోని క్వీన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మార్టెన్ వాన్ వాల్‌స్టైన్ తదితరులు, వింటుండగానే లెక్క సాగేటట్లు తంబుర నమూనాను రూపొందించే పద్ధతిని ప్రకటించారు. రామన్ వ్యాసానికీ దానికీ నడుమ తొంభైయైదేళ్ళు గడిచినవి. అందాక మన గాయకుల ప్రక్కన పెట్టుకొన్న పెట్టె తంబురలు చాలవరకు రికార్డు చేసిన నాదాన్నో, దాని పోలికనో తిప్పి వినిపించినవే.

మాట్లాడే గొంతు సంగతి కూడ ఈ నగరంలోనే తెలుగుతో ముడిపడింది. ఉత్తరాన బరానగర్‌లోని భారత గణాంక శాస్త్ర సంస్థ, 1950ల మధ్యలోనే ఇంగ్లండు నుంచి కంప్యూటరు తెప్పించిన సంస్థ. 1970లలో అక్కడ ద్విజేశ్ దత్తమజుందార్, శంకర్ పాల్, అశోక్ కుమార్ దత్తా ప్రభృతులు యంత్రంచేత అచ్చులను గుర్తింపజేసే పరిశోధనకు తెలుగును తీసుకున్నారు. ముప్ఫై, ముప్ఫైయైదేళ్ళ మధ్య వయసు గల ముగ్గురు తెలుగు పురుషులు హల్లుల నడుమ అచ్చులు పలికారు. ఆ పలుకుల నుంచి 871 నమూనాలు తీసి, ప్రతిదానికీ గొంతులోని మొదటి మూడు అనునాదాల పౌనఃపున్యాలు కొలిచారు. ఈ పట్టికను ఆ తరువాత దశాబ్దాల తరబడి ఎందరో పరిశోధకులు తమ తమ వర్గీకరణ పద్ధతులను పరీక్షించుకొనే గీటురాయిగా వాడుకున్నారు. వారిలో చాలామందికి అది తెలుగు అన్న పేరు తప్ప మరేమీ తెలియదు. ఆ ముగ్గురి పేర్లు పట్టికలో లేవు. వారి ‘ఆ’లూ ‘ఈ’లూ మాత్రం మూడేసి అంకెలై లోకమంతా తిరిగినవి. ఇవే అంకెలను తిరుగవేస్తే గొంతు వస్తుంది. సీసౌండ్ వంటి భాషలలో గాత్రాన్ని అనుకరించే పరికరాలు కోరేది ఈ అనునాదాల పౌనఃపున్యాలనే. అశోక్ కుమార్ దత్తాయే తదనంతరం టాలీగంజ్ పరిశోధనాలయంలో శ్రుతులపైనా తంబురపైనా కృషి చేయడం యాదృచ్ఛికం కాదు.

నాదం సంగతి ఇది. దానికంటె కఠినమైనది లిపి సంగతి. సంగీతాన్ని గుర్తులలో వ్రాయడం, యంత్రానికి ఆజ్ఞలు వ్రాయడం వేరువేరు పనులుగా తోచినా, మూలంలో ఒకటే. ఏది వ్రాయాలి, ఏది చదివేవాని ఊహకు వదలాలి అన్నదే రెండింటిలోనూ ప్రశ్న. పంతొమ్మిదో శతాబ్ది కలకత్తాలో శౌరీంద్రమోహన్ ఠాగూరు, ఆయన గురువు క్షేత్రమోహన్ గోస్వామి వంగలిపిలో స్వరలేఖన పద్ధతిని తీర్చిదిద్దారు. దక్షిణాన ఈ పని అంతకంటె లోతుకు పోయింది. 1904లో ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అచ్చయినది తెలుగు లిపిలోనే. స్వరాల పైన గమకాలకు ప్రత్యేక చిహ్నాలు: కంపితానికి అల, ఎక్కు జారుకు ఒక వాలుగీత, దిగు జారుకు ఎదురు వాలుగీత, ఒదుక్కలుకు ఇంటూ గుర్తు, ఇంకా స్ఫురితం, నొక్కు, రవ... అచ్చు కూర్చేవారి కష్టం తలచుకుంటే గుండె గుభేలుమంటుంది. ఒక చిన్న గుర్తుకు వెనుక ఒక పెద్ద వ్యాపారం దాచడం ఈనాటి ప్రోగ్రాము భాషాకర్తలు చేసే పనియే.

దీక్షితుల గ్రంథాన్ని 1983లో వాద్య కంపెనీలన్నీ ఒప్పుకొన్న ‘మిడి’ నియమావళితో పోల్చి చూడండి. అందులో సంగీతమంటే ఒక మెట్టు నొక్కడం, విడవడం. స్థాయిని వంచే ఆజ్ఞ ఉన్నదిగాని, ఒక ఛానలులోని స్వరాలన్నీ కలిసే వంగుతాయి. శ్రుతి షడ్జం నిలిచి ఉండగా పై తీగ ఒక్కటే ఊగడం దానికి పట్టని పని. ప్రతి స్వరానికీ వేరుగా వంపు నిచ్చే సవరణ 2018లో గాని ఆమోదం పొందలేదు. మధ్యలో ముప్ఫైయైదేళ్ళు. అంతకాలం మన సినిమా పాటల, భక్తిగీతాల కీబోర్డులు ఏ భాష మాట్లాడినవో పాఠకులు ఊహించగలరు.

చెన్నైలో ఎం.సుబ్రమణియన్ రూపొందించిన ‘గాయక’ అనే సాఫ్ట్‌వేర్ ఈ దారికి ఎదురు నడిచింది. సరిగమలను అక్షరాలతో టైపు చేసి, గమకాలకు గుర్తులు పెడితే, అది కర్ణాటక బాణీలో వినిపిస్తుంది. ఆపై 2013లో సింగపూరు జాతీయ విశ్వవిద్యాలయంలో శ్రీకుమార్ కారైక్కుడి సుబ్రమణియన్ సమర్పించిన సిద్ధాంతవ్యాసం మరొక మెట్టు పైది. సహాన రాగ వర్ణానికి వీణపై వాయించిన గమకాలను విశ్లేషించి, ప్రతి గమకాన్నీ రెండు చలనాల మొత్తంగా ఆయన విడదీశారు. ఒకటి మెల్లగా కదిలే వేదిక, రెండవది దాని మీద ఆడే నాట్యం. లేత పలకపై బొమ్మ ఊగుతూ, ఆ పలకే మెల్లగా పైకి లేస్తున్నట్లు. ఇట్లా విడదీస్తే గమకాల వైవిధ్యం చాలా తగ్గి, కొద్ది నియమాలలోకి ఒదుగుతుంది. భాషారచనలో నిజమైన పొదుపు అంటే ఇది. యంత్రం లెక్కలు తగ్గించడం ఒక పొదుపు. మనిషి చెప్పవలసిన మాటలు తగ్గించడం మరొకటి. రెండవది దొరికిన చోట మొదటిది దానంతట అదే కొంత సిద్ధిస్తుంది.

నేటి భాషలు బేరం రకరకాలుగా కుదుర్చుకున్నవి. 1996లో జేమ్స్ మెక్‌కార్ట్‌నీ తెచ్చిన ‘సూపర్ కొలైడర్’ తరువాతి కాలంలో ఆలోచించే భాషనూ, పలికే యంత్రాన్నీ రెండు ప్రోగ్రాములుగా వేరుచేసింది. ఆలోచన తడబడినా నాదం ఆగదు. 2003లో ప్రిన్స్‌టన్‌లో గె వాంగ్, పెరీ కుక్ వెలువరించిన ‘చక్’ భాషలో కాలమే ప్రధానాంశం. ఎంతసేపు ఆగాలో, ఒక్క అంకె వ్యవధి వరకు, వ్రాసేవాడే శాసించవచ్చు. అందుకు ప్రతిగా అంకెలను ఒక్కొక్కటిగా లెక్కించే ఖర్చు భరించాలి. ఫ్రాన్సులోని లియాన్ నగరాన గ్రామ్ సంస్థలో యాన్ ఓర్లారే ప్రభృతులు 2002 నుంచి పెంచిన ‘ఫౌస్ట్’ మూడవ దారి తొక్కింది. ఇందులో వాడుకరి గీసేది సంకేతాల పొందిక మాత్రమే. కంపైలరు దాన్ని మొత్తంగా చదివి, అనవసరమైనది తొలగించి, వేగవంతమైన సి ప్లస్ ప్లస్ ప్రోగ్రాముగా అల్లుతుంది. ఒక్క అంకె ఆలస్యంతో నాదం తన తోకను పట్టుకోవడం ఇందులో సహజం. కాబట్టి తారస్థాయి గాంధారం తరువాతి గోడ ఇక్కడ లేదు. మన తీగవాద్యాలకు ఈ మూడింటిలో ఏది తగునని ఎవరైనా అడిగితే, నేను ఫౌస్ట్ వైపే చేయి చూపుతాను. దాని వ్రాత మొదటి చూపుకు ముళ్ళకంపలా కనిపించే మాట నిజమే అయినా.

అయినా ఒక వెలితి ఇంకా తీరలేదు. దీక్షితులు జారుకు ఒక గుర్తు, ఒదుక్కలుకు మరొక గుర్తు పెట్టాడు. రెండింటా షడ్జం నుంచి రిషభానికే పోవచ్చు. జారులో వైణికుని వ్రేలు మెట్ల మీదుగా నడుస్తుంది. తీగ పొడవు మారుతుంది, దాటిన ప్రతి మెట్టూ లేశంగా తగులుతుంది. ఒదుక్కలులో వ్రేలు షడ్జం మెట్టు మీదనే ఉండి తీగను పక్కకు లాగుతుంది. పొడవు అదే, బిగువు పెరుగుతుంది, నాదంలో ఒక నిక్కు వస్తుంది. ఏ మాత్రం చెవి ఉన్నవారికైనా ఈ తేడా తెలుస్తుంది. సంగీత భాషలలో సామాన్యంగా ఈ రెండింటికీ ఉన్నది ఒకే గడి, దాని పేరు పౌనఃపున్యం. పొడవునూ బిగువునూ వేర్వేరుగా అడిగే తీగ పరికరాన్ని ఫౌస్ట్‌లో వ్రాసుకోవచ్చు, అందుకు కావలసిన భౌతికశాస్త్రం పుస్తకాలలో ఉన్నది. 1904 నాటి ఆ వాలుగీతనూ ఆ ఇంటూ గుర్తునూ ప్రక్కన పెట్టుకొని, ఒక వైణికుని ఎదుట కూర్చోబెట్టుకొని వ్రాయవలసి ఉన్నది.